పంపేసినవాళ్ళ లెక్క

జూన్ 2, సోమవారం

చెల్లి వచ్చింది. రెండు సంచులు. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో కాగితాలు. రెండోదే బరువు. తన ఫ్లాటు పైఅంతస్తులో గోడలు కొడుతున్నారట. ఆ చప్పుడులో రిపోర్టు రాయలేక మా ఇంటికొచ్చింది. వెనకగది ఇచ్చాను. టేబులు ఊగకుండా కాలికింద అట్టముక్క మడిచి పెట్టాను.

నాన్న సంతోషించాడు. ఒక కంటికి ఆపరేషనయి, రెండోదానికి ఇంకా కాక, పేపరు కూడా చదవలేక విసుగ్గా ఉంటున్నాడు. చెల్లి ఏం పనిమీద వచ్చిందో నేనే చెప్పాల్సొచ్చింది. జైళ్ళలో ఖైదీలకు రకరకాల తరగతులు పెడతారు: వడ్రంగం, కుట్టుపని, కోపం తగ్గించుకోవడం, తాగుడు మానడం. వాటివల్ల విడుదలైనవాళ్ళు మళ్ళీ జైలుకు రావడం నిజంగా తగ్గుతోందా అని చాలాచోట్ల పరిశోధనలు జరిగాయి. నలభైకి పైగా ఉన్నాయట. అవన్నీ ఒకచోట చేర్చి, ఏది నమ్మదగిందో ఏది కాదో తూచి, మొత్తంమీద తేలిందేమిటో చెల్లి చెప్పాలి. దాన్నిబట్టి ఏ తరగతి ఉంచాలో ఏది ఎత్తెయ్యాలో జైళ్ళ శాఖవాళ్ళు నిర్ణయించుకుంటారు.

"మా బేకరీ ఉందా అందులో?" అని అడిగాడు నాన్న.

ఉందంది చెల్లి, చెప్పులు విప్పుకుంటూ.

నాన్న ఆ పూట కాఫీ రెండోసారి అడిగి తాగాడు.

జూన్ 3, మంగళవారం

నిన్నటినుంచి క్వార్టర్లే గుర్తుకొస్తున్నాయి. జైలు గోడకు ఇవతల వరసగా ఇళ్ళు, మాది చివరిది. నాన్న లోపల ఖైదీలకు బ్రెడ్డు చెయ్యడం నేర్పేవాడు. తెల్లవారేసరికి ఆ వాసన మా కిటికీలోకి వచ్చేది. అమ్మ ఎప్పుడూ గడియారం చూసేది కాదు. "మొదటి వాయి దిగింది, లేవండి" అనేది. రెండో వాయికి జడలు, మూడో వాయికి బడి. చెల్లికి బ్రెడ్డు అంచులు ఇష్టం, నాకు మధ్యలో మెత్తనిది. మేమిద్దరం పెద్దగా దెబ్బలాడుకోకుండా పెరగడానికి అదే కారణమేమో.

విడుదలైనవాళ్ళు నాన్నను చూడ్డానికి ఇంటికొచ్చేవాళ్ళు. మా ముందు గేటుకు గొళ్ళెం కూడా సరిగా పడేది కాదు. అయినా ఎవరో ఒకరు వెళ్ళి తీసేదాకా బయటే నిలబడేవాళ్ళు. తోసుకుని రావచ్చని వాళ్ళకి తోచేది కాదు. బండోడు అని ఒకతను ఉండేవాడు. మనిషి చీపురుపుల్ల, మొదటిరోజు పిండిని బండరాయిలా కలిపాడని ఆ పేరు. సొంతంగా బట్టీ పెట్టుకున్నాక తొలి బ్రెడ్డు తెచ్చి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని తిరగేసి, అడుగున వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇంకో అయిదు నిమిషాలు ఉంచాల్సింది" అన్నాడు. అతను ఏడ్చాడు. సంతోషంతోనేనని అమ్మ చెప్పింది.

తర్వాత కాలేజీనుంచి గడ్డం మాస్టారు వచ్చి నాన్న తరగతిమీద పరిశోధన చేశాడు. నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మూడేళ్ళలోపు తిరిగి జైలుకొచ్చింది నూటికి పదిహేనుమంది. మిగతావాళ్ళలో నూటికి నలభై అయిదుగురు. ఆ రెండంకెలూ మా ఇంటిపేరులాంటివి. పెళ్ళిచూపుల్లో కూడా మావారికి వాటిగురించి చెప్పాడు నాన్న. మావారు ఇప్పటికీ అంటారు, పిల్లనిచ్చే ముందు గ్యారంటీ కార్డు చూపించిన మామగారు ఆయనొక్కడేనని.

జూన్ 6, శుక్రవారం

చెల్లి సాయమడిగింది. కాగితాల్లో ఉన్న అంకెలు నేను పైకి చదవాలి, తను కంప్యూటర్లో ఉన్నవాటితో సరిచూసుకుంటుంది. తన ఆఫీసులో కుర్రకారుకి ఓపిక లేదట. ఒక పేజీ దాటగానే నిద్రపోతూ చదువుతారట. నేను నిద్రపోను. పచారీ చీటీలో పైసలు తేడా వచ్చినా వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషిని.

బాగుంది. నేను "అరవైలో పన్నెండు" అంటే తను "పన్నెండు" అంటుంది. చిన్నప్పుడు అరుగుమీద కూర్చుని ఎక్కాలు ఇలాగే అప్పజెప్పుకునేవాళ్ళం. సాయంత్రం మావారు ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలో విన్నారు. "ఎనిమిదో ఎక్కం దగ్గర మీ అక్క తడబడుతుంది, జాగ్రత్త" అన్నారు. చెల్లి అంత నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

జూన్ 7, శనివారం

మధ్యాహ్నం వరకూ చదివాం. తలనొప్పిగా ఉందని లేచేశాను. ఈ రోజు రాయాలని లేదు.

జూన్ 9, సోమవారం

రాస్తేగాని కుదిరేలా లేదు.

శనివారం నేను చదివిన వరసలో "బేకరీ తరగతి" అని ఉంది. గొంతు సర్దుకుని మరీ చదవబోయాను. తీరా చూస్తే, తొంభైలో ఇరవై తొమ్మిది. యాభైలో పదహారు. ఇది మనది కాదు, వేరే బేకరీ అయ్యుంటుందన్నాను. చెల్లి కుర్చీ వెనక్కి జరిపింది. మనదే అంది.

ఈ రోజు కూర్చోబెట్టి చెప్పింది. నాన్న తరగతిలో మొత్తం తొంభైమంది చేరారు. మొదటి నెలలో కోప్పడినవాణ్ణి, ట్రేలు విసిరినవాణ్ణి, చెప్పినమాట విననివాణ్ణి నాన్న పంపేసేవాడు. అలా ముప్పైమంది బయటికి పోగా అరవైమంది పూర్తి చేశారు. ఆ అరవైలో తిరిగొచ్చింది తొమ్మిదిమంది. నూటికి పదిహేను, నిజమే. కాని గడ్డం మాస్టారు ఆ పంపేసిన ముప్పైమందినీ తీసుకెళ్ళి అసలు తరగతిలో చేరని యాభైమందిలో కలిపాడు. ఆ ముప్పైలో ఇరవైమంది తిరిగొచ్చారు. అందుకే అవతలి వైపు నూటికి నలభై అయిదు అయింది. వాళ్ళను చేరిన చోటే ఉంచి చూస్తే, ఇటు నూటికి ముప్పై రెండు, అటూ ముప్పై రెండే. దాచలేదట ఆయన. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో అన్నీ రాసే పెట్టాడట. అప్పట్లో చాలామంది అలాగే చేసేవాళ్ళట.

"నీ పప్పులో రాళ్ళు ఏరి పక్కింటావిడ చేటలో పోసి, చూడండి నా పప్పెంత శుభ్రంగా ఉందో, ఆవిడ పప్పులో ఎన్ని రాళ్ళో అన్నట్టు" అంది.

"నాకు పప్పులూ చేటలూ చెప్పకు. నాకు లెక్కలొచ్చు" అన్నాను.

లెక్కలొచ్చు. అందుకే కదా బాధ. చెప్పడం మొదలుపెట్టగానే అర్థమైపోయింది.

జూన్ 10, మంగళవారం

చెల్లిని అడిగాను, ఆ ఒక్కటీ తీసెయ్యమని. నలభైలో ఒకటి తీస్తే మొత్తం మారదని మొన్న తనే అంది.

"మారదక్కా. అయినా తియ్యను. తమకి నచ్చనివాళ్ళని పక్కనబెట్టి లెక్కేశారనే కదా ఇంతమంది పరిశోధనల్ని తప్పుబట్టాను."

పైగా ఆ వ్యాసాన్ని తను ముట్టుకోలేదట. ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి అంకెలు తీస్తారు. నాన్నది కాబట్టి చెల్లి తప్పుకుంది. తీసిన ఇద్దరికీ ఆ బేకరీ మాస్టారు ఎవరో తెలియదు. ఇద్దరికీ అదే వచ్చింది.

నేను నోరు జారాను. నాన్న నిన్ను చదివించింది ఇందుకా అన్నాను. చెల్లి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కడుక్కుని బోర్లించింది.

జూన్ 11, బుధవారం

నాకేం కోపం లేదు. సామాన్ల అలమర దించి, డబ్బాలన్నీ కడిగి, చీటీలు కొత్తవి అతికించాను. మావారు చూసి, ఎవరిమీద కోపం అని అడిగారు. ఎవరిమీదా లేదన్నాను. చీటీలు పాతబడ్డాయి, అంతే.

జూన్ 13, శుక్రవారం

నాన్న రోజూ అడుగుతున్నాడు, మా బేకరీ సంగతి ఎంతవరకొచ్చిందని. చెల్లి ఇంకా అవలేదంటుంది. తను అబద్ధమాడదు. నిజంగానే అవలేదు. నన్ను మాత్రం, అయ్యాక పైకి చదివి వినిపించమన్నాడు. "చిన్నది చదివితే గబగబా చదువుతుంది. నువ్వైతే నిదానంగా చదువుతావు" అన్నాడు.

సరేనన్నాను.

తర్వాత గిన్నెలు తుడుస్తుంటే తోచింది. చదివేది నేను. నాన్నకు కాగితం కనబడదు. నేనేం చదివితే అదే అందులో ఉన్నట్టు.

ఇది రాసుకుంటే ఇంత చిన్న సంగతా అనిపిస్తోంది. ఎనభై దాటిన మనిషికి కొంచెం మెత్తగా చదివి వినిపిస్తే తప్పేముంది? అన్నం కూడా మెత్తగానే వండుతున్నాంగా.

జూన్ 15, ఆదివారం

డాబామీద దుప్పట్లు ఆరేస్తుంటే చెల్లి వచ్చి రెండో కొస పట్టుకుంది. మేం మాట్లాడుకోక అయిదు రోజులయింది. దుప్పటి రెండు కొసలూ కలపాలంటే దగ్గరికి రాక తప్పదు.

గడ్డం మాస్టారు క్వార్టర్లకు వచ్చినప్పుడు తనచేత గీతలు గీయించేవాడని చెప్పింది. నాకు గుర్తుంది. వసారాలో నాన్న కుర్చీలో ఆయన, కింద బొక్కబోర్లా పడుకుని స్కేలుతో ఇది. గీత వంకరపోతే నాలిక బయటపెట్టేది. ఆయన ఆ గళ్ళల్లో అంకెలు వేసేవాడు. ఆ గళ్ళు చూసే తనకి ఈ చదువుమీద మోజు పుట్టిందట. "ఆ ముప్పైమందిని తప్పు గడిలో వేసింది కూడా నేను గీసిన గీతల్లోనే అయ్యుంటుందక్కా. నాకు మాత్రం తెలుసుకోవాలని ఉందా?" అంది.

బేకరీ మూసేస్తారా అని అడిగాను.

"ముయ్యమని రాయలేదు. పని మాత్రం నేర్పి గేటు బయట వదిలేస్తే పెద్దగా తేడా రాలేదని రాశాను. బయటికొచ్చాక ఉద్యోగం, ఉండడానికి గది చూసిపెట్టినచోట్ల మళ్ళీ జైలుకు రావడం తగ్గింది. అదీ కొంచెమే. ఖాయంగా చెప్పలేం."

"అయితే నాన్న చేసిందంతా..."

"బ్రెడ్డు చెయ్యడం వచ్చింది కదక్కా వాళ్ళకి. అది అబద్ధం కాదు."

దుప్పటి నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టింది. అమ్మ వేసినట్టే వేస్తుంది, అంచులు లోపలికి.

జూన్ 18, బుధవారం

చెల్లి వెళ్ళిపోయింది. రిపోర్టు పంపడానికి ఇంకా నెలాఖరుదాకా గడువుంది. ఒక ప్రతి నాకిచ్చింది. నాన్నకు తనే ఉండి చదవమంటావా అని అడిగింది. వద్దు, నేను చదువుతానన్నాను. ఆటో ఎక్కాక తల బయటపెట్టి, "మొత్తం చదువక్కా" అంది. తనకెలా తెలిసిందో. చిన్నప్పటినుంచీ అంతే, నా మొహం దానికి తెరిచిన పుస్తకం.

మధ్యాహ్నం పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడినుంచి మళ్ళీ అందుకోవాలో. బేకరీ వరస పక్కన పాత అంకెలు చిన్నగా రాసుకున్నాను, తడబడకుండా.

జూన్ 19, గురువారం

నాన్నకు కొంచెం జలుబుగా ఉంది. రేపు చదువుతానన్నాను.

జూన్ 20, శుక్రవారం

ఇల్లంతా బూజులు దులిపే పని పెట్టుకున్నాను. కుదరలేదు.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న కుర్చీ కిటికీ దగ్గరికి తనే జరుపుకున్నాడు. "జలుబు తగ్గింది, బూజులు దులిపావు. ఇంకేం మిగిలింది?" అన్నాడు. తప్పించుకునే దారి లేక కూర్చున్నాను.

నిదానంగా చదివాను. నలభైకి పైగా పరిశోధనలు ఎలా వెతికారో, ఎలా తూచారో. వడ్రంగం దగ్గర నాన్న తలూపాడు. తాగుడు మానిపించే తరగతి దగ్గర నవ్వాడు. బేకరీ వచ్చింది. నా గొంతు మారలేదనే అనుకుంటున్నాను. పెన్సిలు గుర్తు దగ్గర ఆగి, నేను రాసుకున్నది చదివాను: తరగతి పూర్తి చేసినవాళ్ళలో నూటికి పదిహేను, తక్కినవాళ్ళలో నూటికి నలభై అయిదు.

మొహం వెలుగుతుందనుకున్నాను. నాన్న వేళ్ళతో కుర్చీ చేతిని తడిమాడు. తర్వాత అడిగాడు.

"నేను పంపేసినవాళ్ళని ఏ వైపు వేశారు?"

ఏ పంపేసినవాళ్ళు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొదటి నెలలో పంపేసినవాళ్ళు ఉండేవాళ్ళు కదా అన్నాడు. వాళ్ళని ఎటు వెయ్యాలని గడ్డం మాస్టారు తననే అడిగాడట. తరగతి పూర్తి చెయ్యలేదు కాబట్టి అటే వెయ్యండి అన్నాడట. లెక్క చాలా బాగా వచ్చింది. ఆయన చెయ్యి కలిపి వెళ్ళాడు, పేపర్లో వచ్చింది, పెద్దాఫీసరు వచ్చి బట్టీ చూసి వెళ్ళాడు. ఆ తర్వాత తరగతి అంతకంతకూ పెరిగింది. వాళ్ళని అటు వేసిన సంగతి నాన్న ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"చిన్నది అలా వెయ్యదు. వేసిందా?"

నా చేతిలో పెన్సిలుంది. పాత అంకెల కింద గీత గీస్తూ ఉన్నాను, ఎందుకో తెలియదు. వేసిందని చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. నాన్నకు కాగితం కనబడదు.

"లేదు నాన్నా. ఈసారి నీ వైపే వేశారు" అన్నాను.

"ఎంతొచ్చింది?"

"ముప్పై రెండు. రెండు వైపులా ముప్పై రెండే."

కిటికీలోంచి ఎండ నాన్న మోకాళ్ళమీద పడుతోంది. కర్టెన్ వేద్దామని లేవబోయాను. వద్దని చేత్తోనే ఆపాడు.

"మంచిది" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "మంచిదే. వాళ్ళ చేతులకి మొదట పిండి అంటించింది నేనే కదా. నావాళ్ళే. ఇన్నాళ్ళూ వాళ్ళని అవతలి వరసలో నిలబెట్టాను."

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నాన్నకు రాలేదు. బాధపడ్డాడు, అది తెలుస్తూనే ఉంది. కాని విరిగిపోలేదు. నేనే ఇన్ని రోజులూ ఆయన్ని గాజుగిన్నెలా ఎత్తి పట్టుకున్నాను, ఆయన అడక్కుండానే.

"ఇప్పుడు మొదట్నుంచీ చదువు పెద్దమ్మాయ్. ఏదీ వదలకుండా" అన్నాడు.

చదివాను. పెన్సిలు గుర్తులు ఉన్నచోట కూడా ఆగకుండా చదివాను. ఎండ గోడమీదికి పాకింది. మధ్యలో ఒక్కసారే ఆపించాడు, బయటికొచ్చాక గది చూసిపెట్టినచోట కొంచెం తగ్గిందన్న వాక్యం దగ్గర. దాన్ని మళ్ళీ చదవమన్నాడు.

జూన్ 24, మంగళవారం

నాన్న చెల్లికి ఫోను కలపమన్నాడు. పలకరింపులేవీ లేవు. ఆ ముప్పైమందిని పంపకుండా ఉంచుకుని ఉంటే ఏమయ్యేదో కూడా రాశావా అని అడిగాడు. స్పీకరు పెట్టి ఉంది, నేనూ విన్నాను. అది ఈ అంకెల్లోంచి తెలియదు నాన్నా అంది చెల్లి, మెల్లగా. ఎవర్నీ పంపకుండా నడిపిన తరగతి ఉంటే, దాన్ని చూస్తే తెలుస్తుందంది.

"అయితే తెలియదనే రాయి. తెలియదని రాస్తే ఎవరో ఒకరు నడిపి చూస్తారు" అన్నాడు నాన్న.

రాస్తానంది. తర్వాత, "నాన్నా, కోపమా?" అంది.

"నీమీదెందుకే? వంకర గీత గీస్తే నాలిక బయటపెట్టేదానివి. ఇప్పుడూ పెడుతున్నావా?" అన్నాడు.

అక్కడితో పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. నాన్న ఒకడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లికళ్ళోడట. వేడి ట్రేని గోడకేసి కొడితే ఆ క్షణమే పంపేశాడట. ఆ వారం ములాఖాతుకి వాడి తల్లి రాలేదని తర్వాత ఎవరో చెబితే తెలిసిందట. అప్పటికే వాణ్ణి క్వార్టర్ల రోడ్డు ఊడ్చే పనిలో వేశారు. నాన్న రోజూ వాడి పక్కనుంచే లోపలికి వెళ్ళేవాడు. వాడు నమస్కారం పెట్టేవాడు కాదు, తల తిప్పుకునేవాడూ కాదు. చీపురు ఆపి, నాన్న దాటిపోయేదాకా ఆగేవాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఆ మనిషిని నేను చూశాను. బడికెళ్ళేటప్పుడు దుమ్ము మామీద పడకుండా చీపురు ఆపేవాడు. జైలు ఊడ్పుమనిషి అనుకునేదాన్ని. మూడో వాయి వాసన వస్తుండేది. అతను ముక్కెత్తి ఆ గాలి పీల్చేవాడు.

ఈ సంగతి చెబితే నాన్న మాట ఆపి నావైపు తిరిగాడు. కన్ను సరిగా ఆనక, నేనున్న చోటుకి కొంచెం పక్కగా చూస్తూ అడిగాడు.

"నిజంగా పీల్చేవాడా?"

పీల్చేవాడన్నాను. నాన్న ఇంకొకడి పేరు ఎత్తుకున్నాడు. ఎవర్నీ కొట్టనివాడట, పిండి పిసుకుతూ ఏడ్చేవాడట. ఏడిస్తే పంపేస్తారా నాన్నా అని అడిగింది చెల్లి. పంపేశానన్నాడు. నేను పొయ్యి కట్టేసి, పీట తెచ్చుకుని, నాన్న కుర్చీ పక్కన కూర్చున్నాను.